ఫోన్లకు అందిన వైఫై ల్యాప్‌టాప్‌లకు ఎందుకు అందదు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

ఇంట్లో ఫోన్లన్నిటికీ వైఫై వస్తోందని, రెండు ల్యాప్‌టాప్‌లకు మాత్రం రావడం లేదని, రూటర్ మార్చేద్దామని నాన్న అంటున్నారని చెప్పారు. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తే మీకు సగమే అర్థమవుతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌లు రెండూ ఎదురుగా పెట్టుకుని చదవండి.

ముందుగా, కొత్త రూటర్ ఇప్పుడే కొనవద్దని నాన్నకు చెప్పండి. రూటర్ వెనుక సన్నని రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది. దాన్ని పిన్నుతో నొక్కవద్దని అన్నయ్యకూ చెప్పండి. చాలా ఇళ్లలో కనెక్షన్ ఇచ్చినవాళ్లు తమ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఆ రూటర్‌లోనే నమోదు చేసి వెళ్తారు. రీసెట్ నొక్కితే అవి చెరిగిపోతాయి. అప్పుడు ల్యాప్‌టాప్‌లకు రాకపోవడం అటుంచి, ఫోన్లకు కూడా ఆగిపోతుంది. స్విచ్ ఆపి మళ్లీ వేయడం వేరు, రీసెట్ వేరు. స్విచ్ ఆపినందువల్ల ఏదీ చెరగదు. అయితే స్విచ్ ఆపే ముందు కూడా తెరమీద ఏం కనపడుతోందో కాగితం మీద రాసుకోండి. ఆపి మళ్లీ వేశాక లోపం తాత్కాలికంగా మాయమైతే, అది దేనివల్ల వచ్చిందో తెలుసుకునే అవకాశమూ దానితోనే పోతుంది.

నేను టెలిఫోన్ల శాఖలో ఉన్న రోజుల్లో ఫోను పనిచేయడం లేదని ఫిర్యాదు రాగానే మా లైన్‌మన్ నేరుగా ఇంటికి వెళ్లి ఫోను విప్పేవాడు కాదు. ఎక్స్ఛేంజీ నుంచి వీధి మలుపులోని పిల్లర్, అక్కడినుంచి ఇళ్లకు తీగలు విడిపోయే, స్తంభం మీది డీపీ పెట్టె, ఆ తర్వాత ఇల్లు, ఇదీ తీగ నడిచే దారి. పిల్లర్ దగ్గర ఆ ఇంటి తీగల జతను విడదీసి, ఎక్స్ఛేంజీ వైపు టోను ఉందో లేదో వినేవాడు. ఉంటే లోపం ఇంటివైపు ఉన్నట్టు. లేకపోతే ఎక్స్ఛేంజీ వైపు. ఒక్క పరీక్షతో సగం దారి వెతికే శ్రమ తప్పేది. మీరు చేయవలసింది అదే. ఏదీ మార్చకముందే దారి ఎక్కడ తెగిందో కనుక్కోవాలి.

మీ దగ్గర ఉన్న గట్టి ఆధారం ఫోన్లు పనిచేయడమే. కానీ అది నిజమైన ఆధారమేనా అని పరీక్షించాలి. ఒక ఫోనులో మొబైల్ డేటా పూర్తిగా ఆపేసి, వైఫై మాత్రమే ఉంచి, ఇంతవరకు ఎప్పుడూ తెరవని పేజీ ఏదైనా తెరవండి. వైఫైలో ఇంటర్నెట్ లేకపోతే ఫోను చడీచప్పుడు లేకుండా సిమ్ డేటాకు మారిపోతుంది. మనం వైఫై బాగానే ఉందనుకుంటాం. డేటా ఆపాక పేజీ తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌లను వదిలేసి ఫైబర్ పెట్టె దీపాలు చూడండి. ఎల్ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్‌లో వెలుతురు మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోను చేయడం తప్ప మీరు చేయగలిగింది లేదు. ఆ సన్నని తీగను పీకి దాని కొనలోకి చూడవద్దు. అందులో వచ్చేది కంటికి కనపడని లేజర్ వెలుగు. ఈ ఒక్క విషయంలో మీరు నా మాట దాటకూడదు.

డేటా ఆపాక కూడా పేజీ తెరుచుకుంటే బయటి లైను బాగుంది, రూటర్ బాగుంది, రూటర్‌కు బయటితో ఉన్న సంబంధమూ బాగుంది. ఇక వెతకవలసింది ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ ఉన్న తేడా మాత్రమే. ఎంత భాగం తగ్గిపోయిందో చూశారా?

మీరు రెండు ల్యాప్‌టాప్‌లకూ ఒకే ఫిర్యాదు చెప్పారు. కానీ నేను గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది వేరు. పిన్ని అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో పక్కింటివాళ్ల వైఫై పేర్లు కనపడుతున్నాయి, మన పేరు కనపడటం లేదు. అన్నయ్య కాలేజీ హాస్టల్ నుంచి తెచ్చినదానిలో మన పేరు కనపడుతోంది, పాస్‌వర్డ్ తీసుకుంటోంది, కలిసినట్టు చూపిస్తోంది, కానీ ఒక్క పేజీ తెరుచుకోవడం లేదు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకే మందు వేస్తే రెండూ నయం కావు.

అమెరికా ల్యాప్‌టాప్ సంగతి ముందు చూద్దాం. అది నాకు చాలా ఇష్టమైన లోపం, ఎందుకంటే అందులో ఏదీ చెడిపోలేదు. మీ రూటర్ పాతది, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద మాత్రమే పనిచేస్తుంది. ఆ తరంగాల పట్టీని చానళ్లుగా విడదీశారు. ఒకటో చానల్ 2412 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అక్కడినుంచి ఐదేసి మెగాహెర్ట్జ్ దూరంలో తర్వాతివి. మన దేశంలో 13 చానళ్లు వాడుకోవచ్చు. అమెరికాలో మాత్రం ఇళ్లలో వాడేవి 11 వరకే. అక్కడ అమ్మే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి వైఫై కార్డును ఆ దేశపు నిబంధనల ప్రకారం సిద్ధం చేస్తారు. అది 12, 13 చానళ్ల వైపు చెవి పెట్టదు. మీ రూటర్‌లో చానల్ ఎంపిక ఆటో అని ఉంటే, చుట్టుపక్కల రద్దీ చూసుకుని అది తనంతట తానే 13కి మారి ఉండవచ్చు. పోయిన వారం పనిచేసింది, ఈ వారం పేరే మాయమైంది అని మీరు అన్నది దీనికి సరిగ్గా సరిపోతోంది. కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్ చానల్‌ను మళ్లీ ఎంచుకుంటుంది.

మరి ఫోన్లకు ఈ ఇబ్బంది ఎందుకు లేదు? ఫోను తాను ఏ దేశంలో ఉన్నదీ మొబైల్ నెట్‌వర్క్ నుంచి తెలుసుకుని, ఆ దేశపు చానళ్లన్నీ వింటుంది. సిమ్ లేని ల్యాప్‌టాప్‌కు ఆ వీలు లేదు.

సరిచేయడానికి పనిచేస్తున్న ఫోనే చాలు. వైఫైకి కలిసి ఉన్న ఫోను బ్రౌజర్‌లో చిరునామా రాసే చోట 192.168.1.1 అని కొట్టండి. కొన్ని రూటర్లకు 192.168.0.1 ఉంటుంది. ఏదో ఒకటి రూటర్ అడుగున అంటించిన స్టిక్కరు మీద రాసి ఉంటుంది, లోపలికి వెళ్లే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా సాధారణంగా అక్కడే ఉంటాయి. వైర్‌లెస్ సెట్టింగులలో చానల్ దగ్గర ఆటో తీసేసి 1, 6, 11లలో ఒకటి పెట్టండి. ఈ మూడే ఎందుకంటే, ఒక్కో వైఫై సంకేతం దాదాపు 20 మెగాహెర్ట్జ్ జాగా తీసుకుంటుంది. ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడకుండా ఇమిడే చానళ్లు. పక్కింటివాళ్లది ఆరో చానల్ మీద ఉంటే మీరు ఒకటికో పదకొండుకో వెళ్లండి. సేవ్ చేసి ఒక నిమిషం ఆగి ల్యాప్‌టాప్‌లో వెతకండి. చానల్ తప్ప ఆ పేజీలో మరేదీ ముట్టుకోవద్దు. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

పేరు కనపడకపోవడానికి మరో కారణం మీ స్నేహితుల ఇళ్లలో ఎదురుకావచ్చు. కొత్త రూటర్లు 2.4తో పాటు 5 గిగాహెర్ట్జ్ మీద కూడా ప్రసారం చేస్తాయి. పాత ల్యాప్‌టాప్‌లు కొన్నిటికి 5 వినపడదు. రూటర్‌లో 2.4ను ఆపేసి ఉంటే వాటికి ఆ ఇంట్లో వైఫై లేనట్టే.

ఇప్పుడు అన్నయ్య ల్యాప్‌టాప్. పేరు కనపడింది, పాస్‌వర్డ్ ఒప్పుకుంది కాబట్టి గాలిలో ప్రయాణించే భాగం బాగుంది. ఇక్కడినుంచి లోపలికి ఒక్కో మెట్టు చూడాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లటి కిటికీ తెరిచి, ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిషు అక్షరాలలో కొట్టి ఎంటర్ నొక్కండి. బోలెడు వరుసలు వస్తాయి, కంగారుపడకండి. వైఫై అని ఉన్న భాగంలో ఐపీవీ4 చిరునామా, అంటే నెట్‌వర్కులో ఆ ల్యాప్‌టాప్‌ను గుర్తించే అంకెల వరుస, ఒక్కటే చూడండి.

అది 169.254తో మొదలైతే, రూటర్ ఆ ల్యాప్‌టాప్‌కు చిరునామా ఇవ్వలేదని అర్థం. ఎవరూ ఇవ్వకపోవడంతో ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. అలాంటి చిరునామాతో బయటికి వెళ్లడం కుదరదు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో మన వైఫై పేరు మీద ఫర్గెట్ నొక్కి మళ్లీ కలపండి. అప్పటికీ మారకపోతే రూటర్ స్విచ్ ఆపి, కాసేపు ఆగి వేయండి. చిరునామా 10తోనో 172తోనో మొదలై, ఫోనులో కనిపించే చిరునామాతో ఏమాత్రం పోలిక లేకుండా ఉంటే, హాస్టల్లో ఎవరో దాన్ని చేత్తో రాసి స్థిరంగా పెట్టారన్నమాట. వైఫై సెట్టింగులలో ఐపీ కేటాయింపును ఆటోమేటిక్‌కు మార్చండి.

చిరునామా 192.168.1తో సరిగ్గానే ఉందనుకుందాం. నా అనుమానం మీకు అదే వస్తుందని. అప్పుడు అదే నల్ల కిటికీలో పింగ్ (ping) అని ఇంగ్లిషులో కొట్టి, ఖాళీ వదిలి, 8.8.8.8 అని రాసి ఎంటర్ నొక్కండి. అవతలి కంప్యూటరును పలకరించి జవాబు వస్తుందో లేదో చూసే ఆదేశమిది. 8.8.8.8 గూగుల్ నడిపే డీఎన్ఎస్ సర్వరు చిరునామా, అంకెలతోనే పిలవవచ్చు. జవాబులు వస్తే ల్యాప్‌టాప్ ఇంటర్నెట్‌లోకి వెళ్తోంది. ఆ తర్వాత అంకెలకు బదులు గూగుల్.కామ్ అని రాసి పింగ్ చేయండి. అంకెలకు జవాబు వచ్చి పేరుకు రాకపోతే, పేరును అంకెలుగా మార్చిచెప్పే డీఎన్ఎస్ దగ్గర లోపం. సెట్టింగులలో దాన్నీ ఆటోమేటిక్‌కు మార్చండి.

రెండిటికీ జవాబు వచ్చి, బ్రౌజర్ మాత్రం తెరుచుకోకపోతే? మన ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్ల నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో నేను మొదట చూసేది ప్రాక్సీ. చాలా కాలేజీలలో బయటి పేజీలకు వెళ్లాలంటే ఒక ప్రాక్సీ సర్వరు గుండా వెళ్లాలి. దాని చిరునామా ల్యాప్‌టాప్‌లో రాసి పెడతారు. సెలవులకు ఇంటికి వచ్చాక కూడా బ్రౌజర్ ఆ కాలేజీ సర్వరునే వెతుక్కుంటూ ఉంటుంది. అది మన ఇంట్లో ఎక్కడ దొరుకుతుంది? పింగ్ ప్రాక్సీని అడగదు, అందుకే దానికి జవాబు వస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగంలో ప్రాక్సీ అని ఉంటుంది. చేత్తో పెట్టిన ప్రాక్సీని ఆపేయండి. చిరునామాను చెరిపేయకుండా రాసిపెట్టుకోండి, సెలవుల తర్వాత అన్నయ్యకు మళ్లీ కావాలి.

గడియారం కూడా చూడండి. చాలాకాలం పెట్టెలో ఉన్న ల్యాప్‌టాప్ లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి వెళ్లిపోవచ్చు. సురక్షితమైన ప్రతి వెబ్‌సైటుకూ గడువుతో కూడిన ధ్రువపత్రం ఉంటుంది. ల్యాప్‌టాప్ తేదీ తప్పయితే ఆ పత్రాలన్నీ చెల్లనివిగా కనపడి, పేజీలు తెరవనంటుంది.

మూడో రకం లోపం మీకు రాలేదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను: పేరు కనపడుతుంది, పాస్‌వర్డ్ కొట్టినా కలవదు. ముందు పాస్‌వర్డ్ సరైనదేనా చూడాలి. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై పేరు తెరిచి షేర్ నొక్కితే క్యూఆర్ కోడు వస్తుంది, చాలా ఫోన్లలో దానికింద పాస్‌వర్డ్ కూడా రాసి ఉంటుంది. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా అక్కడ తేలిపోతుంది. పాస్‌వర్డ్ సరైనదే అయితే రూటర్ భద్రత డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతికి మాత్రమే పరిమితమై ఉందేమో చూడాలి. అది 2018లో వచ్చింది, అంతకుముందటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి తెలియదు. దానికి ముందటి డబ్ల్యూపీఏ2, ఈ డబ్ల్యూపీఏ3 రెండూ కలిసి ఉన్న ఎంపిక పెడితే సరిపోతుంది. పాతది కలవడం కోసం భద్రతనే తీసేసి పాస్‌వర్డ్ లేకుండా వదిలేయడానికి మాత్రం నేను ఒప్పుకోను. వీధిలో ఎవరైనా మీ వైఫైలోకి రావచ్చు, మీ కనెక్షన్ మీద ఎవరు ఏం చేసినా మొదటి ప్రశ్న నాన్నకే వస్తుంది.

అమ్మ ఆఫీసు ల్యాప్‌టాప్‌కు ఇలాంటిది వస్తే మీరు సెట్టింగులలో చేయి పెట్టకండి. వాటిని ఆఫీసువాళ్లు తమ నిబంధనల ప్రకారం అమర్చి ఉంచుతారు, వాళ్లే చూడాలి.

మీరు ఇప్పుడు చేయవలసింది ఇది. చిన్నది ఫోనులో డేటా ఆపి చూడాలి. పెద్దవాడు రూటర్ పేజీలో చానల్ ఎంతుందో మార్చకముందు రాసుకోవాలి. అన్నయ్య ల్యాప్‌టాప్‌లో ఐపీవీ4 చిరునామా, రెండు పింగ్‌ల ఫలితం, ప్రాక్సీ పెట్టి ఉందా లేదా, తేదీ ఎంత చూపిస్తోంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి నాకు పంపండి. చానల్ 12 గానీ 13 గానీ అయితే నా జవాబు కోసం ఆగకుండా పైన చెప్పినట్టు 1, 6, 11లలో ఒకదానికి మార్చేయండి. ఆదివారం పొద్దున ఫోను చేస్తాను, అప్పటికి రెండు ల్యాప్‌టాప్‌లూ చార్జింగ్‌లో ఉంచండి.

మీ తాతయ్య