పాషాణానికి తలుపు తీసిందెవరు?

పాషాణం అంటే మనకు విషమే. ఆర్సెనిక్, గంధకం కలిసిన ఎర్రటి మణిశిలదీ అదే జాతి. అలాంటి మణిశిలకు నీలిమందును, తులసి కుటుంబానికే చెందిన డాన్‌షెన్ అనే మొక్క వేరును జోడించి చైనా వైద్యులు ఒక మాత్ర తయారుచేశారు. అది పనిచేసేది అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా మీద. ఈ రక్త క్యాన్సర్‌లో 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారై, రెండు జన్యువులు అతుక్కుపోయి, వాటి నుంచి ఒకే అతుకుల ప్రోటీన్ తయారవుతుంది. ఆ అతుకుల ప్రోటీన్ వల్ల తెల్ల రక్తకణాలు ఎదగకుండా పిల్లకణాలుగానే ఆగిపోతాయి.

చైనా వైద్యంలో మందుల కూర్పు ఒక రాజదర్బారు. ఒకటి రాజు, ఒకటి మంత్రి, ఒకటి సహాయకుడు, ఒకటి దూత. వినడానికి కథలా ఉన్నా, దీన్ని ల్యాబ్‌లో పరీక్షించొచ్చు. రక్తవ్యాధుల నిపుణుడు చెన్ జు బృందం 2008లో ప్రచురించిన పరిశోధనలో చేసిందదే. (ఆయన అప్పుడు చైనా ఆరోగ్య మంత్రి కూడా. దర్బారు సంగతి ఆయనకు తెలియదనుకోలేం!) మాత్రలోని మణిశిల, నీలిమందు, డాన్‌షెన్ మూడింటి నుంచి ముఖ్య పదార్థాలు తీసి ఒక్కొక్కటిగా, జంటలుగా, మూడూ కలిపి క్యాన్సర్ కణాల మీద, ఎలుకల మీద ప్రయోగించారు.

రాజు ఆర్సెనికే. అతుకుల ప్రోటీన్‌ను అదే విరగ్గొడుతుంది. డాన్‌షెన్‌లోని టాన్షినోన్, నీలిమందులోని ఇండిరూబిన్ దానికి తోడు నిలుస్తాయి. మూడూ కలిస్తే కణాల విభజనకు ఇంకా గట్టిగా బ్రేకు పడుతుంది, పిల్లకణాలు ఎదగడం మొదలుపెడతాయి. నాకు అన్నిటికంటే నచ్చింది ఆక్వాగ్లిసరోపోరిన్-9 సంగతి. కణం పొరలో ఉండే ఈ ప్రోటీన్ ఆర్సెనిక్‌కు ద్వారం లాంటిది. మూడూ కలిసినప్పుడు అలాంటి ద్వారాలు పెరిగాయి, లోపలికి వెళ్లే ఆర్సెనిక్ కూడా పెరిగింది. ఒక్కో మందునే విడిగా చూసి ఊరుకుంటే ఇది దొరికేది కాదు.

ఇలా భాగాలన్నీ కలిసి ఎలా పనిచేస్తాయో చూడటాన్నే సిస్టమ్స్ బయాలజీ అంటారు. కానీ ఆ పేరుతో వచ్చే పేపర్లన్నీ ఇలా ఉండవు. డేటాబేస్‌లోంచి ఏదో కషాయం పదార్థాలను, వాటితో ముడిపడిన జన్యువులను దించుకుని, సాలెగూడు లాంటి బొమ్మ గీసేసి సరిపెట్టేవి బోలెడు. వాటిలో ముఖ్య పదార్థంగా క్వెర్సెటిన్ పదేపదే తేలుతుంది. అది మన ఉల్లిపాయలోనూ ఉంది. ఆ లెక్కన పులుసు కూడా దివ్యౌషధమే.

మణిశిల మాత్రను మాత్రం బొమ్మతో వదిలేయలేదు. 242 మంది రోగులతో ట్రయల్ చేసి 2013లో ఫలితాలు వెల్లడించారు. రెండేళ్లపాటు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మాత్ర వేసుకున్నవారిలో 98.1 శాతం, ఆర్సెనిక్‌ను నరంలోకి ఎక్కించుకున్నవారిలో 95.5 శాతం. అంటే ఇంజెక్షన్‌కు మాత్ర తీసిపోలేదు. డ్రిప్ పెట్టుకుని గంటలకొద్దీ పడుకునే అవస్థ తప్పింది.