అగ్రిమెంటులో రాయలేని సంగతి

ప్రియమైన పిల్లలకు,

మీరు పంపిన భాగస్వామ్య ఒప్పందం డ్రాఫ్టూ, మొదటి కస్టమర్‌కు ఇవ్వబోయే కొటేషనూ రెండుసార్లు చదివాను. ఒప్పందం బాగా రాశారు. ఎవరి పెట్టుబడి ఎంత, లాభం ఎలా పంచుకోవాలి, ఒకరు తప్పుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అన్నీ ఉన్నాయి. వాటితో పెట్టిన చీటీలో ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "ఇంత పక్కాగా రాసుకున్నాక ఇక ఎవరినీ నమ్మాల్సిన పని లేదు తాతయ్యా" అన్నారు. దీనికి జవాబు ఫోన్‌లో చెబితే సగంలో ఆగిపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

రాసుకోవడం మంచిదే. ఇద్దరు మంచివాళ్లు కూడా ఒకే మాటను రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటారు. కానీ కాగితం చేసే పని చాలా తక్కువ. స్టీవర్ట్ మెకాలే అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫ్యాక్టరీల వాళ్లనూ వాళ్ల లాయర్లనూ కలిసి, ఆర్డర్లలో తేడా వస్తే ఏం చేస్తారని అడిగారు. 1963లో ఆ సంగతులు ప్రచురించారు. తగాదా వచ్చినప్పుడు ఒప్పందం తీసి క్లాజులు చూసుకునేవాళ్లు తక్కువ, ఫోన్ చేసి మాట్లాడుకుని సర్దుకునేవాళ్లు ఎక్కువ అని తేలింది. నా అనుభవమూ అదే. ప్రింటింగ్ ప్రెస్ నడిపిన ముప్పై రెండేళ్లలో ఒప్పందం కాగితం పట్టుకుని ఎదుటివాళ్ల ముందు కూర్చున్నది రెండే రెండుసార్లు. రెండుసార్లూ డబ్బు వచ్చింది. వాళ్లు మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

ఎందుకంటే రేపు ఏం జరగబోతోందో అంతా ముందే రాయలేం. సరుకు ఈరోజు వెళ్తుంది, డబ్బు నెలాఖరుకు వస్తుంది. నెలంతా పనిచేశాక జీతం వస్తుంది. ఆ మధ్య రోజులన్నీ ఎవరో ఒకరు ఇంకొకరిని నమ్మి కూర్చోవాల్సిందే. 1972లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కెన్నెత్ యారో అదే ఏడాది వచ్చిన ఒక వ్యాసంలో, దాదాపు ప్రతి వ్యాపార లావాదేవీలోనూ ఎంతో కొంత నమ్మకం కలిసి ఉంటుందని, కొంతకాలం పాటు సాగే లావాదేవీలో అది తప్పనిసరి అని అన్నారు.

మన భాషలో పరపతి అనే మాట ఉంది, గమనించారా? అప్పు దొరికే వీలునీ పరపతి అంటాం, నలుగురిలో మాట చెల్లడాన్నీ పరపతి అంటాం. ఇంగ్లీషులో క్రెడిట్ అనే మాట కూడా, నమ్మడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిందే. డబ్బూ మాటా ఒకే చోటి నుంచి పుడతాయని పాతవాళ్లకు తెలుసు. ఈ కాలం పండితులు దీన్నే ఇంకాస్త విస్తరించి సామాజిక పెట్టుబడి అన్నారు. మనుషుల మధ్య ఉన్న పరిచయాలూ, నమ్మకాలూ, ఒకరి పట్ల ఒకరు పాటించే మర్యాదలూ కూడా యంత్రాల్లాగే, భవనాల్లాగే పనికొచ్చే పెట్టుబడి అని దాని అర్థం. జేమ్స్ కోల్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1988లో దీనికి న్యూయార్క్ టోకు వజ్రాల మార్కెట్‌ను ఉదాహరణగా చూపించారు. అక్కడ బేరం మాట్లాడుకునేటప్పుడు ఒక వ్యాపారి తన వజ్రాల సంచిని ఇంకొక వ్యాపారి చేతికిచ్చి, తీరిగ్గా చూసుకోమంటాడు. పక్కన నిలబడి కాపలా కాయడు, బీమా అడగడు. ఎదుటివాడు తలుచుకుంటే మంచి రాయి తీసి నాసి రాయి పెట్టగలడు. అలా జరగదు. ప్రతి రాయికీ కాపలా, రసీదు, బీమా కావాలంటే ఆ మార్కెట్టే కుంటుపడుతుంది.

చదివితే ముచ్చటగా ఉంటుంది. కానీ అది సాగడానికి కారణం వాళ్లందరూ ఒకే మతం వాళ్లు, దగ్గర దగ్గర ఇళ్లవాళ్లు, పెళ్లి సంబంధాలున్నవాళ్లు కావడం. మోసం చేసినవాడికి వ్యాపారంతో పాటు చుట్టరికమూ పోతుంది. పదకొండో శతాబ్దంలో మధ్యధరా సముద్రం చుట్టూ వ్యాపారం చేసిన మగ్రిబీలు అనే యూదు వర్తకుల సంగతీ ఇలాంటిదే. వాళ్ల ఉత్తరాలు కైరోలోని ఒక యూదు ప్రార్థనా మందిరంలో దొరికాయి. దూర దేశంలో తమ తరఫున సరుకు అమ్మిపెట్టేవాడు ఒకరిని మోసం చేస్తే, మిగతా వర్తకులెవరూ అతనికి పని ఇచ్చేవారు కాదని వాటిని చదివి ఆవ్నర్ గ్రైఫ్ అనే ఆర్థిక చరిత్రకారుడు వివరించారు. గొప్ప ఏర్పాటే. అయితే ఆ గుంపులో పుట్టనివాడి సంగతేమిటి? ఎంత నిజాయితీపరుడైనా అతనికి ఆ తలుపు తెరుచుకోదు. సామాజిక పెట్టుబడి గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఈ చోటు త్వరగా దాటేస్తారు. మీరు దాటకండి. "మనవాడు కాబట్టి ఇచ్చాను" అని ఎవరైనా అంటే, మనవాడు కాదని ఎవరికి ఇవ్వలేదో కూడా అడగండి.

ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య నమ్మకం పుట్టించడం ఇంకా కష్టమైన పని. పదిహేడో శతాబ్దం ఇంగ్లండులో అమ్మేవాడు ధర ఎక్కువ చెప్పడం, కొనేవాడు తక్కువకు అడగడం, చివరికి మధ్యలో తేల్చుకోవడం మామూలు. క్వేకర్లు అనే చిన్న మత సమాజం వాళ్లు మాత్రం ఒక వస్తువుకు ఒకే ధర చెప్పేవారు. ఇవ్వదలుచుకున్న ధర కన్నా ఎక్కువ చెప్పడం కూడా అబద్ధమేనని వాళ్ల నమ్మకం. మొదట్లో కొనేవాళ్లు తగ్గిపోయారు. తర్వాత జనానికి అర్థమైంది, వీళ్ల దగ్గరికి చిన్నపిల్లను పంపినా పెద్దవాళ్లకు ఇచ్చినట్టే ఇస్తారని. క్వేకర్ల నాయకుడు జార్జ్ ఫాక్స్ ఇదంతా రాసిపెట్టారు. ఆ చిన్నపిల్ల ఎవరి కూతురో అంగడివాడికి తెలియాల్సిన పని లేదు. నాకు వజ్రాల సంచి కన్నా ఇదే పెద్ద సంగతిగా కనిపిస్తుంది.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. మీ నాన్నలకు కూడా చెప్పలేదు. ఒకసారి ఒక పుస్తకం ఆర్డరు తీసుకున్నాను, డెబ్బై జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు డెబ్బై గ్రాములు తూగే కాగితం మీద వేస్తానని. సగం ఫారాలు అయ్యాక డీలరు దగ్గర ఆ కాగితం అయిపోయింది. ఇవ్వాల్సిన తేదీ దగ్గరపడింది. మిగతా ఫారాలు అరవై మీద వేసేశాను. కస్టమర్‌కు చెప్పలేదు, బిల్లు తగ్గించలేదు. ఆయన కనిపెట్టలేదు. కటింగ్ మిషన్ దగ్గర పనిచేసే కుర్రాడికి మాత్రం తెలుసు, కాగితం మోసింది వాడే కదా. వాడు ఒక్క మాట అనలేదు. కొన్ని నెలల తర్వాత స్టాకు లెక్కలో రెండు రీములు తక్కువ వచ్చాయి. అడిగితే "వేస్టేజీ సార్" అన్నాడు, నా మొహంలోకి చూస్తూ. ఇంకో ప్రశ్న వేయడానికి నాకు నోరు రాలేదు. వాడు తీశాడో లేదో ఈనాటికీ తెలియదు. అడిగే హక్కు నేనే పోగొట్టుకున్నాను.

ఏడాది తర్వాత ఆ కస్టమర్‌కు నిజం చెప్పి తేడా డబ్బు వెనక్కి ఇచ్చాను. ఆయన కోపగించుకోలేదు. ఆర్డర్లు కూడా ఇస్తూనే వచ్చారు. కాకపోతే ప్రతిసారీ వచ్చి, కాగితం రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసేవారు. అంతకుముందు ఫోన్‌లో ముగిసే పనికి ఆ తర్వాత ఆయన అరపూట ఖర్చయ్యేది. ఆయన నలిపి చూస్తున్నంతసేపూ నేను పక్కన నిలబడి ఉండేవాణ్ణి.

మన తప్పు మనతో ఆగదు కూడా. జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల అమ్మకం ఉదాహరణగా ఒక వ్యాసం రాశారు. ఏది మంచి బండో ఏది డొక్కు బండో కొనేవాడికి తెలియనప్పుడు, అన్నిటికీ భయపడుతూ తక్కువ ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మలేక తప్పుకుంటాడు. చివరికి డొక్కు బండ్లే మిగులుతాయి. అంటే ఒకడు చేసిన మోసానికి ఏ సంబంధమూ లేని నిజాయితీపరుడు డబ్బు కడుతున్నాడన్నమాట. 2001లో అకర్లాఫ్‌కు నోబెల్ ఇచ్చిన ఏడాది చివర్లోనే ఎన్రాన్ అనే అమెరికన్ కంపెనీ దొంగ లెక్కలు బయటపడి దివాలా తీసింది. దాని లెక్కలు తనిఖీ చేసిన ఆర్థర్ ఆండర్సన్ 1913 నుంచి ఉన్న సంస్థ, ప్రపంచమంతటా దాదాపు 85,000 మంది ఉద్యోగులు. ఎన్రాన్ కాగితాలు చించేసినందుకు 2002లో కోర్టు ఆ సంస్థను దోషి అంది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. అప్పటికే సంస్థ దాదాపు మిగల్లేదు. లెక్కలు సరిచూసేవాళ్లు అమ్మేదే నమ్మకం. అది పోయాక గెలిచిన కేసుతో ఏం చేస్తారు? ఆ ఉద్యోగుల్లో ఎక్కువమంది ఎన్రాన్ ఫైలు ముట్టుకున్నవాళ్లు కూడా కాదు. నన్ను బాధపెట్టేది అదే.

"నిజాయితీగా ఉంటే చివరికి లాభమే" అని మీకు చాలామంది చెబుతారు. నేను చెప్పను. చాలా రోజులు అది నిజమే, కొన్ని రోజులు కాదు. నా అరవై జీఎస్‌ఎం సంగతి బయటపడే వీలే లేదు. లాభం కోసం మాత్రమే నిజాయితీగా ఉన్నవాడు అలాంటి రోజున ఆగడు. ఆ రోజున ఆపేది లెక్కకు బయట ఉండాలి, అది మీలో ముందే ఉండాలి.

దాన్ని డబ్బుతో కొనబోతే ఏమవుతుందో మీరు రాసిన తొమ్మిదో క్లాజు చూస్తే గుర్తొచ్చింది. మీటింగుకు ఆలస్యంగా వచ్చిన భాగస్వామి జరిమానా కట్టాలని రాశారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది శిశు సంరక్షణ కేంద్రాల్లో ఇద్దరు ఆర్థికవేత్తలు, గ్నీజీ, రుస్టికీనీ, ఒక పరిశీలన చేసి 2000లో ప్రచురించారు. సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారని కొన్ని కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యారు. అంతవరకు టీచరమ్మను ఇబ్బంది పెడుతున్నామని మొహమాటపడేవాళ్లు. జరిమానా వచ్చాక, డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. తర్వాత జరిమానా ఎత్తేసినా ఆలస్యాలు తగ్గలేదు.

ఇదంతా చదివి మనుషుల మీద బెంగ పెట్టుకోకండి. 2019లో ఒక పరిశోధన వచ్చింది. 40 దేశాల్లో, 355 నగరాల్లో, 17,000కు పైగా పర్సులను బ్యాంకులు, హోటళ్లు, పోస్టాఫీసుల్లాంటి చోట్ల కౌంటర్ దగ్గర ఇచ్చి, "రోడ్డు మీద దొరికింది" అని చెప్పి వెళ్లిపోయారు. డబ్బు లేని పర్సుల విషయంలో నూటికి 40 మంది యజమానికి కబురు చేశారు. డబ్బున్న పర్సుల విషయంలో 51 మంది. డబ్బుంటే తక్కువమంది తిరిగిస్తారని మామూలు జనం ఊహించారు, ఎక్కువమంది తిరిగిస్తారని ఆర్థికవేత్తలు కూడా ఊహించలేదు. జరిగింది తలకిందులు. తన కళ్లకు తానే దొంగగా కనబడడం మనిషికి అంత కష్టంగా ఉంటుంది. మీరు వ్యాపారం చేయబోయేది ఇలాంటి మనుషులతోనే.

కాగితాలు దీనితో పాటే పంపుతున్నాను. తొమ్మిదో క్లాజు పెన్సిల్‌తో కొట్టేశాను. ఎవరైనా ఆలస్యంగా వస్తే రెండోవాళ్లు అడగండి, చాలు. కొటేషన్‌లో పని ఇరవై రోజుల్లో ఇస్తామని రాశారు. అది కుదరదని మీ ఇద్దరికీ తెలుసు, మీ చీటీలోనే ఉంది. ముప్పై అయిదు అని దిద్ది, సంతకానికి ముందే వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. ఆర్డరు పోవచ్చు. పోతే నాకు వెంటనే ఫోన్ చేయండి, ఏ వేళైనా సరే.

ప్రేమతో,
మీ తాతయ్య