డెంటిస్టుల మెడ, నడుం, మణికట్టు నొప్పులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కూర్చుని చేసే పనేగా, ఒళ్లునొప్పులు ఎందుకొస్తాయి?

వాస్తవం: కదలకుండా కూర్చోవడమే ఇక్కడి చిక్కు. నిలబడి పనిచేసిన కాలంలో దెబ్బ ఎక్కువగా నడుం మీద పడేది. 1960ల నుంచి కూర్చుని, పక్కన అసిస్టెంట్‌తో పనిచేసే పద్ధతి పాకింది. నొప్పి పోలేదు సరికదా, మెడకీ భుజాలకీ ఎక్కింది. కండరం బిగిసి వదులవుతూ ఉంటేనే దానిలో రక్తం బాగా పారుతుంది. అరగంట రూట్ కెనాల్‌లో చేతులు గాల్లో పెట్టి మెడ వంచి ఉంటే, ఆ వదులయ్యే వీలే ఉండదు. పైగా తల బరువు దాదాపు 5 కిలోలు. దాన్ని 30 డిగ్రీలు ముందుకు వంచితే మెడపూసల మీద పడే భారం 18 కిలోలని, 60 డిగ్రీలకు 27 అని ఒక కంప్యూటర్ నమూనా లెక్క.

అపోహ: నోట్లో కనిపించాలంటే మనం వంగక తప్పదు.

వాస్తవం: కదలాల్సింది రోగి. చాలామంది ఈ వరస తిరగేస్తారు: ముందు రోగిని పడుకోబెట్టి, తర్వాత దానికి తగ్గట్టు తాము వంకర్లు పోతారు. ముందు మీరు కూర్చోండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి, తొడలు మోకాళ్ల వైపు కొంచెం వాలాలి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి. ఆ తర్వాతే డెంటల్ చెయిర్ కదిపి, రోగి నోరు మీ మోచేతి ఎత్తుకో, ఓ 4-5 సెంటీమీటర్లు పైకో తెచ్చుకోండి.

పై పళ్లకు చెయిర్ పూర్తిగా వాల్చి, హెడ్‌రెస్ట్ వెనక్కి వంచి గడ్డం పైకి లేపాలి. పై పళ్ల వరస నిట్టనిలువుగా, వీలైతే ఇంకాస్త మీ వైపుకు వాలి ఉండాలి. కింది పళ్లకు చెయిర్ వీపు 20 డిగ్రీల దాకా లేపి, గడ్డం కిందికి దించి, చెయిర్ మొత్తాన్ని తగ్గించాలి. ఈ రెండో భంగిమలోనే పై పళ్లకూ పని కానిచ్చేయడం రోజూ జరిగే తప్పు. అప్పుడు పై దవడ వెనక పళ్లు చూడటానికి మెడ పక్కకు మెలితిప్పాల్సి వస్తుంది. మౌత్ మిర్రర్ ఉన్నది అందుకే కదా! లైటు కూడా మీ చూపు దారికి దగ్గరగా ఉండాలి, లేకపోతే మీ నీడను తప్పించుకోవడానికే వంగుతారు. "కొంచెం ఎడమకి తిరగండి" అనడానికి మొహమాటపడి ఇరవై నిమిషాలు ఒళ్లు మెలితిప్పుకునేవాళ్లు తక్కువేం కాదు.

అపోహ: లూప్స్ (పనిని పెద్దగా చూపే కళ్లజోడు) కొంటే మెడనొప్పి పోతుంది.

వాస్తవం: సరిగా కొలిచినవైతే తగ్గొచ్చు, లేకపోతే పెరుగుతుంది. కటకాలు చూపును తగినంత కిందికి వాల్చాలి. తల 20 డిగ్రీలకు మించి వంచకుండానే పని కనిపిస్తే ఆ కోణం చాలినట్టు. పని దూరం కొలిపించుకునేటప్పుడు మీరు వంగి కూర్చుంటే ఆ వంపే లూప్స్‌లో శాశ్వతమైపోతుంది. శాడిల్ స్టూల్ (గుర్రపు జీను ఆకారంలో ఉండే స్టూల్) సంగతీ అంతే: అది మిమ్మల్ని ఎత్తులో కూర్చోబెడుతుంది, రోగి చెయిర్ కూడా అంత లేవకపోతే మునుపటికన్నా ఎక్కువే వంగుతారు.

అపోహ: వేళ్లు తిమ్మిరెక్కితే కార్పల్ టనలే (మణికట్టులో నరం నొక్కుకోవడం).

వాస్తవం: బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలులో సగం తిమ్మిరెక్కి, రాత్రిళ్లు ఎక్కువైతే దాన్ని అనుమానించాలి. చిటికెనవేలి తిమ్మిరి సాధారణంగా మోచేతి దగ్గర నరం నొక్కుకోవడం వల్ల. బొటనవేలి మొదట్లో నొప్పైతే అక్కడి స్నాయువుల వాపు కావచ్చు. ఒక్కోసారి మూలం మెడలోనే ఉంటుంది. పట్టీ కట్టేముందు ఏది ఏదో తేల్చుకోండి. మణికట్టు పట్టీ రాత్రి నిద్రలో పనికొస్తుంది. దాన్ని కట్టుకుని స్కేలింగ్ (పళ్ల గార గీకడం) చేస్తే మణికట్టు చేయాల్సిన కదలిక భుజం మీద పడుతుంది.

అసలు దోషి చాలాసార్లు మొద్దుబారిన స్కేలర్. పదును తగ్గినకొద్దీ పిడికిలి బిగుస్తుంది. హ్యాండిల్ 10 మిల్లీమీటర్ల లావు, 15 గ్రాముల లోపు బరువు ఉంటే పట్టు తేలికవుతుంది. రెండు చేతులకూ ఒకటే ఆకారంలో వచ్చే గ్లవ్స్ బొటనవేలి మొదట్లో లాగుతాయి. అక్కడ నొప్పి ఉన్నవాళ్లు కుడి, ఎడమ వేర్వేరుగా, సరైన సైజులో వాడి చూడాలి.

అపోహ: సాయంత్రం జిమ్‌కి వెళ్తే సర్దుకుంటుంది.

వాస్తవం: రోజంతా బిగిసిన కండరానికి సాయంత్రం గంట ఆలస్యమే. ప్రతి 20 నిమిషాలకు అర నిమిషం చాలు: చేతులు దించి, భుజాలు వెనక్కి తిప్పి, పని చేసిన దిక్కుకు ఎదురు దిక్కులో ఒళ్లు విరవండి. జిమ్‌లో బరువులు పట్టి భుజాలు ఎగరేసే వ్యాయామం మీకు అంతగా అక్కర్లేదు, ఆ పై కండరాలు అప్పటికే పగలంతా పనిచేశాయి. భుజపుటెముకల మధ్య, మెడ లోతుల్లో ఉండే కండరాలకు తక్కువ బరువుతో ఎక్కువసార్లు చేయించాలి.

అపోహ: ఆదివారానికి తగ్గిపోతోందిగా, పర్లేదు.

వాస్తవం: సెలవుకి తగ్గి సోమవారం తిరిగొచ్చే నొప్పి పని పెట్టినదే. తేలిగ్గా సరిచేయగలిగేది కూడా ఈ దశలోనే. నొప్పి చేతిలోకి పాకినా, పట్టు తగ్గి పరికరాలు జారుతున్నా ఫిజియోథెరపిస్ట్‌నో, ఎముకల డాక్టర్‌నో వాయిదా వేయకుండా కలవండి. నడుంనొప్పితో పాటు మూత్రం ఆగకపోవడం, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోవడం, కాళ్లు బలహీనపడటం ఉంటే ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి.