‘రన్’ అంటే పరుగొక్కటేనా? ఓఈటీ రాసే నర్సుల అపోహలు, వాస్తవాలు

విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు రాసే ఇంగ్లిష్ పరీక్షలు ఓఈటీ, ఐఈఎల్‌టీఎస్. అమలాపురంలో వాటికి కోచింగ్ ఇవ్వడం నా పని. రాజోలు, పాలకొల్లు, నరసాపురం, అటు యానాం నుంచి కూడా అమ్మాయిలు వస్తుంటారు. కొత్తగా చేరినవాళ్లలో చాలామంది దగ్గర ఒకేలాంటి నోట్‌బుక్ ఉంటుంది. పేజీ మధ్యలో నిలువుగీత, ఎడమవైపు ఇంగ్లిష్ పదం, కుడివైపు దాని తెలుగు అర్థం. ఆ కుడివైపున ఎప్పుడు చూసినా ఒక్కటంటే ఒక్క మాటే. ఎంతమందికి చెప్పినా మళ్లీ అదే నోట్‌బుక్ కనిపిస్తోంది కాబట్టి ఇక రాసి పెడుతున్నాను.

అపోహ: ఒక పదానికి ఒక అర్థం. రోజుకి యాభై పదాలు బట్టీ పడితే లిజనింగ్ దానంతటదే వస్తుంది.

వాస్తవం: రాదు. నేను చూసినంతలో ఫీజులు ఎక్కువగా బూడిదలో పోసిన పన్నీరయ్యేది ఇక్కడే. ఓఈటీలో విని రాసే పరీక్ష లిజనింగ్. దాని పార్ట్ ఏలో రోగి మాట్లాడుతుంటే నోట్స్‌లో ఖాళీలు నింపాలి. మొత్తం 24 ఖాళీలు, ఆడియో వినిపించేది ఒక్కసారే. అక్కడ రోగి డిక్షనరీ భాష మాట్లాడడు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతాడు. ‘డిటీరియరేట్’, ‘ఎగ్జాసర్‌బేట్’ లాంటి పెద్ద పదాలతో పెద్ద చిక్కేమీ లేదు, వాటికి దాదాపు ఒకటే అర్థం. ముంచేవి చిన్న పదాలు: రన్, గెట్, టేక్, పాస్, సెట్. ‘ఇవి మాకెందుకు సార్, ఐదో తరగతిలోనే వచ్చు’ అని ఎవరూ రాసుకోనివి.

రాజోలు దగ్గరి అమ్మాయి ఒకరు కాకినాడలో వార్డు డ్యూటీ చేసి వచ్చింది. పనిలో దిట్ట. మాక్ టెస్టులో ఒక పెద్దాయన ‘ఐ హావ్ హాడ్ ద రన్స్ సిన్స్ సాటర్‌డే, ఐ ఫీల్ కంప్లీట్లీ రన్ డౌన్’ అన్నాడు. అంటే శనివారం నుంచి విరోచనాలు, ఒంట్లో ఓపిక బొత్తిగా లేదు అని. ఈ అమ్మాయి శనివారం నుంచి పరుగు వ్యాయామం, పరిగెత్తుతూ కింద పడ్డారు అని రాసింది. కథ మాత్రం భలే అతికింది! క్లాసంతా నవ్వింది, ఆ పిల్ల ఏడ్చింది. వాళ్ల నాన్న కొబ్బరి దింపు చూసుకుంటారు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి ఫీజు కట్టారు. ఆ టెన్షన్ నాకు తెలుసు. విరోచనాల రోగికి ఓఆర్‌ఎస్ ఎంత ఇవ్వాలో, చార్టులో ఏం రాయాలో ఆమెకి నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. పోయింది వైద్యం రాక కాదు, ఒక చిన్న పదం దగ్గర.

ఇక ఆ ఒక్క ‘రన్’ వార్డులో ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. ‘షి ఈజ్ రన్నింగ్ ఎ టెంపరేచర్’ అంటే జ్వరం ఉంది. ‘మై నోస్ ఈజ్ రన్నింగ్’ అంటే ముక్కు కారుతోంది. ‘రన్ సమ్ టెస్ట్స్’ అంటే పరీక్షలు చేయించడం. ‘రన్ ఇట్ బై ద డాక్టర్’ అంటే ముందు డాక్టర్‌కి చెప్పి వాళ్ల మాట తీసుకోవడం. ‘వి హావ్ రన్ అవుట్ ఆఫ్ గ్లవ్స్’ అంటే గ్లవ్స్ అయిపోయాయి. ‘రన్ దిస్ ఓవర్ ఎయిట్ అవర్స్’ అంటే ఈ సెలైన్ ఎనిమిది గంటల పాటు ఎక్కాలి. అదే ‘హి వజ్ రన్ ఓవర్’ అంటే బండి కింద పడ్డాడు! వైరల్ జ్వరం గురించి ‘ఇట్ విల్ రన్ ఇట్స్ కోర్స్’ అంటే దాని రోజులు అదే తీసుకుని తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ‘ఇట్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’. వంశంలో ఉంది అని. షుగరు, బీపీ, గుండెజబ్బు హిస్టరీ అడిగితే చాలామంది ఈ మాటతోనే చెబుతారు. అది జారిపోతే ఫ్యామిలీ హిస్టరీ గడి ఖాళీ.

ఇది ఇంగ్లిష్ వాళ్ల వింత అనుకోకండి. మన వార్డుకి ఇంగ్లండ్ నర్సు వచ్చి ‘పట్టు’ అనే మాట నేర్చుకుంటోందనుకోండి. నడుం పట్టేసింది, నిద్ర పట్టట్లేదు, జలుబు పట్టింది, బిడ్డకి పాలు పట్టాలి, బాత్రూమ్‌కి నీళ్లు పట్టాలి. భీమవరం వెళ్తే చెరువులో రొయ్య పట్టుబడి కూడా ఉంది. ‘పట్టు అంటే చేత్తో పట్టుకోవడం’ అని ఒక్క ముక్క రాసుకున్న ఆ నర్సు ఏమవుతుంది?

ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీ 1989 రెండో ఎడిషన్‌లో అందరికంటే పొడవైన ఎంట్రీ ‘సెట్’ది, 430 అర్థాలు. తర్వాతి సవరణలో ‘రన్’ దాన్ని దాటేసింది. క్రియగానే 645 అర్థాలు తేల్చారు. అవన్నీ నేర్చుకోమని ఎవరూ అనరు. వార్డుకి పనికొచ్చేవి పది పన్నెండు. వాటిలో సగం మీకు వచ్చు కూడా. రన్నింగ్ బస్సు ఎక్కొద్దంటాం, షాపు బాగా రన్ అవుతోందంటాం, రొయ్యల చెరువులో గాలి కలిపే ఏరియేటర్లు రన్నింగ్‌లో ఉన్నాయా అని చెరువు కాపలా అబ్బాయిని అడుగుతాం. వీటిలో కాళ్లతో పరిగెత్తేది ఏదీ లేదు కదా!

కాబట్టి ఆ నిలువుగీత చెరిపేయండి. చిన్న పదానికి ఒక పేజీ ఇవ్వండి. అర్థాలు కాదు, రోగి అనే వాక్యాలు రాయండి. పక్కన మన పేషెంటు అదే బాధని తెలుగులో ఎలా చెబుతాడో రాయండి. పైకి చదవండి. కళ్లతో చదివిన పదం చెవికి తెలియదు.

అపోహ: పెద్ద మెడికల్ పదాలు వాడితే స్పీకింగ్‌లో మార్కులు.

వాస్తవం: తిరగబడుతుంది. ఓఈటీలో 2018 సెప్టెంబర్ నుంచి రోగితో ఎలా మాట్లాడుతున్నారన్నది కూడా లెక్కలోకి వస్తోంది. రోగికి అర్థమయ్యేలా చెప్పడమే నైపుణ్యం.

అపోహ: బ్రిటిష్ యాస రావాలి.

వాస్తవం: అక్కర్లేదు. స్పష్టత ఉంటే చాలు. మన గోదావరి సాగదీత కాస్త తగ్గిస్తే ఇంకా మంచిది.

అపోహ: ఫలానా సెంటర్లో ఈజీగా మార్కులేస్తారు, టెలిగ్రామ్‌లో పేపర్ దొరుకుతుంది.

వాస్తవం: పేపర్లు దిద్దేది మీరు రాసిన సెంటర్ కాదు. లీకు పేపర్ పేరుతో డబ్బడిగేవాడిని నమ్మి గాజులు తాకట్టు పెట్టకండి. దీని మీద ఇంతకంటే మాట్లాడే ఓపిక నాకు లేదు.

అపోహ: మనం మాట్లాడే ఇంగ్లిష్ అక్కడా అలాగే అర్థమవుతుంది.

వాస్తవం: ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అని ఇంటర్వ్యూలో చెబుతారు మనవాళ్లు. వాళ్ల చెవికి 2019లో స్పృహ తప్పి పడిపోయానని. ‘ఐ గ్రాడ్యుయేటెడ్’ అనండి. ‘పాస్డ్ అవే’ అంటే చనిపోవడం, ‘పాస్ వాటర్’ అంటే మూత్రానికి వెళ్లడం. ‘పాస్’కీ ఒక పేజీ కావాలి మరి.

ఏ డిక్షనరీ కొనాలని తల్లిదండ్రులు ఫోన్ చేస్తుంటారు. కొనక్కర్లేదండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వాళ్ల లెర్నర్స్ డిక్షనరీలు, అంటే ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం చేసినవి, వాళ్ల వెబ్‌సైట్లలో ఉచితంగానే ఉన్నాయి, ఫోన్‌లోనే చూడొచ్చు. ఇందాక చెప్పిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద డిక్షనరీలో వందల ఏళ్ల నాటి పాత అర్థం ముందొస్తుంది, దాంతో మీకు పని లేదు. లెర్నర్స్ వాటిలో సాధారణంగా ఎక్కువ వాడే అర్థాలు ముందుంటాయి, దాదాపు ప్రతిదానికీ ఉదాహరణ వాక్యం ఉంటుంది. ఆ వాక్యమే నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. పక్కనున్న స్పీకర్ బొమ్మ నొక్కి వినండి. యూకేలో నర్సుగా చేరాలంటే ఓఈటీ లిజనింగ్‌లో 500కి 350 కావాలి, అందుకే చెబుతున్నాను. ‘రన్’, ‘గెట్’, ‘టేక్’, ‘పాస్’ పేజీలు నిండాకే పెద్ద పదాల జోలికి వెళ్లండి.