కలంకారీ సాధన: అపోహలు – వాస్తవాలు

శ్రీకాళహస్తి కలంకారీ మచిలీపట్నంలో లాగా అచ్చులతో అద్దే పని కాదు. ప్రతి గీతనూ చేత్తోనే గీయాలి కాబట్టి, నేర్చుకోవడానికి వచ్చేవారు గుడ్డ ముట్టుకోకముందే భయపడతారు. ఆ భయానికి మూలమైన మూడు అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: గీత పుట్టుకతోనే రావాలి.

వాస్తవం: వంశాల్లోనే మిగిలి సన్నగిల్లిపోయిన ఈ విద్య, 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టి నేర్పడం వల్లే మళ్లీ నిలదొక్కుకుంది. వెదురు పుల్లను చెక్కి, మొనకు కాస్త పైన ఊలు చుట్టి, దారంతో బిగిస్తే కలం అవుతుంది. ఆ చుట్టను వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. కొత్తవారు గీత మధ్యలో ఆగిన చోటల్లా బొట్టు పడుతుంది. అందుకే మొదటి వారాలన్నీ లతలు, కనుబొమలు మాత్రమే గీయిస్తాను.

అపోహ: ఒక్క గీత తప్పితే గుడ్డంతా పాడైనట్టే.

వాస్తవం: మొదట చిత్తుగా గీసుకునే చింతబొగ్గు గీత దులిపితే పోతుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టిన రంగు మాత్రం కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డకు తగలగానే నల్లబడి, ఎంత ఉతికినా పోదు. కాబట్టి ముందుగా తప్పు ఎక్కడ పుట్టిందో చూడాలి. గీత అంచులు పాకితే, రంగును పాకనివ్వని కొవ్వు గేదెపాల నుంచి గుడ్డకు సరిపడా అందలేదని అర్థం. నలుపు తేలకపోతే రంగు ఇంకా పులియలేదు. గీత వెంబడి గుడ్డ చిరిగితే ఇనుము ఎక్కువైంది. ఇవన్నీ సరిగ్గా ఉండి గీత వణికితేనే అది చేతి లోపం. ఒక అమ్మాయి సీత చెవి వెనుక పెద్ద బొట్టు వేసి కన్నీళ్లు పెట్టుకుంటే, దాని చుట్టూ రేకులు గీయించాను. అది జడలో పువ్వయింది. కంటి మీద పడిన బొట్టుకు మాత్రం ఉపాయం లేదు, ఆ గుడ్డను సాధనకు ఉంచుకొని మరొకటి మొదలుపెట్టాలి.

అపోహ: సెలవుల్లో రోజంతా కూర్చుంటే త్వరగా వచ్చేస్తుంది.

వాస్తవం: చుట్టను నొక్కి నొక్కి వేళ్లు అలసిపోతే గీత లావెక్కుతుంది. రోజూ ఒక గంట గీసినవారి చేయే నిలకడగా ఉండడం చూశాను.

ప్రతి ఒక్కరి మొదటి గుడ్డ మీద తేదీ రాయించి దాస్తాను. ఆరు నెలల తర్వాత కొత్త గుడ్డ పక్కన దాన్ని పరిస్తే, ఏ వంపు దగ్గర చేయి ఇంకా ఆగుతోందో వారికే కనిపిస్తుంది. మర్నాటి సాధన ఆ వంపుతోనే మొదలవుతుంది.