రీస్ అబ్బాయా, అమ్మాయా? పుట్టింటి పేరు చుట్టూ తిరిగిన కథ

అమ్మాయికి రీస్ అనే పేరు పెట్టొచ్చా అన్న వాదన మళ్లీ మొదలైంది. ఇది ఆగి ఆగి రాజుకునే గొడవే. ఎవరో పుట్టబోయే బిడ్డకి పేర్లు వెతుక్కుంటూ దీన్ని బయటికి తీస్తారు, ఎవరికైనా సరిపోతుంది, చిన్నగా ఉంది, పైగా వెల్ష్ పేరు, అంటే బ్రిటన్‌లోని వేల్స్‌వాళ్ల పేరు అని ముచ్చటపడతారు, అంతే, నలుగురు మీద పడతారు. అది రాజుల పేరనీ, మగవాళ్ల పేరనీ, హాలీవుడ్‌ను చూసి పాడు చేశారనీ. ఈసారీ అవే మాటలు, కాకపోతే కోపం కాస్త ఎక్కువ.

పన్నెండో శతాబ్దంలో దక్షిణ వేల్స్‌ను ఏలిన ప్రభువు రీస్, 1176లో కార్డిగన్ కోటలో ఆయన జరిపించిన కవుల, గాయకుల పోటీ, ఇవన్నీ ఈ పేరు గురించి రాసే ప్రతి ఒక్కరూ రాసేవే కాబట్టి వదిలేస్తున్నా. ఆ రోజుల్లో అది మగపేరే, అందులో తగువేం లేదు. తగువుకి పనికొచ్చే కథంతా ఆ పేరు ఇంటిపేరుగా మారిన తర్వాతే ఉంది.

పాత వేల్స్‌లో మనకున్నట్టు ఇంటిపేర్లు ఉండేవి కావు. ఫలానావాడి కొడుకు ఫలానా, అంతే. రీస్ కొడుకైతే పేరు చివర 'అప్ రీస్', అంటే రీస్ కొడుకు అని చేరేది, అతని కొడుకు దగ్గరికి వచ్చేసరికి అది మారిపోయేది. 1536లో, 1543లో వచ్చిన చట్టాలతో వేల్స్ ఇంగ్లండ్‌లో పూర్తిగా కలిసిపోయి, కోర్టులూ కాగితాలూ ఇంగ్లిష్‌లోకి వెళ్లాక, తరతరాలకీ ఒకటే ఇంటిపేరు ఉండే పద్ధతి మెల్లగా పాకింది. పల్లెల్లో అయితే దీనికి రెండు మూడు శతాబ్దాలు పట్టింది. అప్ రీస్ కొందరి నోట్లో ప్రైస్ అయింది, కొందరు ఆ 'అప్' తీసేసి ఉత్త రీస్ అనే రాసుకున్నారు, అందులోనూ ఎవరి స్పెల్లింగ్ వాళ్లది. ఇంటిపేరు అయ్యాక దానికి ఆడా మగా ఏముంటుంది? తండ్రిదీ కూతురిదీ ఒకటే.

ఇదే దారిలో వెళ్లిన ఇంకో పేరు మెరెడిత్. ఇంగ్లండ్ సింహాసనం ఎక్కిన ఏడో హెన్రీ తాత ఓవెన్ ట్యూడర్ ఉన్నాడే, ఆయన తండ్రి పేరు వెల్ష్ రూపంలో మెరెడిత్, తాత పేరు ట్యూడర్. తండ్రి పేరు పక్కకి పోయి తాత పేరే వంశం పేరుగా స్థిరపడింది గానీ, లేకపోతే ఎనిమిదో హెన్రీనీ మొదటి ఎలిజబెత్‌నూ మనం మెరెడిత్ వంశం అని చదువుకునేవాళ్లం. అంత మగపేరు ఇవాళ అమెరికాలో ఆడవాళ్ల పేరుగానే తెలుసు. 1902లో ఐయోవాలో పుట్టిన సంగీతకారుడు మెరెడిత్ విల్సన్ లాంటి మగవాళ్లు పాత ఫొటోల్లో మిగిలారు. మెరెడిత్ అమ్మాయిల పేరైపోయినందుకు ఇప్పుడు ఎవరూ బాధపడటం లేదు, గమనించండి.

రీస్ విషయంలో మలుపు వేల్స్‌లో రాలేదు, నన్నడిగితే హాలీవుడ్‌లో కూడా రాలేదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఒక పాత అలవాటు ఉంది: తల్లి పుట్టింటి ఇంటిపేరుని పిల్లలకి మొదటి పేరుగానో మధ్య పేరుగానో పెట్టుకోవడం. పెళ్లితో ఆమె పేరులోంచి పోయేది అదే కదా, కనీసం బిడ్డ పేరులో ఉంటుందని. ముందు కొడుకులకి ఎక్కువగా పెట్టేవాళ్లు, తర్వాత కూతుళ్లకీ వచ్చింది. మన ఇళ్లలో నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో మనవరాలికి వస్తుంది గానీ, అమ్మ వైపు ఇంటిపేరుతో పిల్లని పిలవడం మనకి వింతగానే ఉంటుంది. అక్కడ అది మర్యాద, అమ్మ వైపు వాళ్లకి ఇచ్చే గౌరవం.

1976లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టి టెన్నెసీలోని నాష్‌విల్‌లో పెరిగిన ఒక అమ్మాయికి ఇలాగే పేరు పెట్టారు. లారా జీన్ రీస్ విథర్‌స్పూన్. తల్లి పుట్టింటివాళ్లు రీస్‌లు. ఆ అమ్మాయి సినిమాల్లోకి వచ్చేటప్పుడు లారా, జీన్ రెండూ వదిలేసి అమ్మ ఇంటిపేరుని ముందు పెట్టుకుంది. 1991లో మొదటి సినిమా వచ్చినప్పుడు ఆ పేరును పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2001 జులైలో 'లీగల్లీ బ్లాండ్' సినిమా వచ్చి గులాబీ రంగు బట్టల్లో హార్వర్డ్ లా స్కూల్‌కి వెళ్లిన ఆ పాత్ర ఇంటింటికీ తెలిశాక మాత్రం, అమ్మాయిల పేర్ల జాబితాలో రీస్ దూసుకొచ్చింది. కొద్ది ఏళ్లలోనే అబ్బాయిల లెక్క దాటేసింది కూడా. 2006లో ఆమెకి ఆస్కార్ వచ్చేసరికి, ఆమె రాసుకునే స్పెల్లింగ్‌తో పేరు చూస్తే ముందు అమ్మాయే గుర్తొచ్చే పరిస్థితి.

ఆ జాబితా సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే గొడవకి సగం నిప్పు అక్కడి నుంచే వస్తుంది. అమెరికా సోషల్ సెక్యూరిటీ విభాగంలో మైకేల్ షాకిల్‌ఫోర్డ్ అనే లెక్కల ఉద్యోగి 1997లో ఆఫీసు రికార్డుల్లోంచి పిల్లల పేర్ల లెక్కలు తీసి నెట్‌లో పెట్టాడు. ఎక్కడ చూసినా మైకేళ్లే ఉన్నారని ఆయనకి విసుగు, ఏ పేరు ఎంతమందికి ఉందో తెలిస్తే తల్లిదండ్రులు కాస్త ఆలోచిస్తారని ఆయన ఆశ. ఆ పట్టికలో అబ్బాయిలు ఒకవైపు, అమ్మాయిలు ఇంకోవైపు ఉంటారు. అంతకుముందు ఒక పేరు అటువైపు జారుతోందని చుట్టుపక్కల చూసి తెలుసుకోవాలి, ఇప్పుడు అంకెల్లో ఏటేటా కనిపిస్తుంది, కనిపించగానే టెన్షన్ మొదలవుతుంది.

టెన్షన్ ఎవరికి అంటే కొడుకులున్నవాళ్లకి. 2000లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సోషియాలజీలో స్టాన్లీ లీబర్సన్, మరో ఇద్దరు కలిసి రాసిన పరిశోధన వ్యాసం ఒకటి వచ్చింది, ఇల్లినాయ్ రాష్ట్రంలో 1916 నుంచి 1989 వరకు పుట్టిన పిల్లల పేర్లు తీసుకుని రాసింది. ఇద్దరికీ చెల్లే పేర్లు అలా ఇద్దరి మధ్యా నిలబడటం కష్టమని, అమ్మాయిలకి పెట్టడం పెరిగేకొద్దీ అబ్బాయిల తల్లిదండ్రులు తప్పుకుంటారని వాళ్లు చెప్పారు. తెల్లవాళ్లు ఉండే వీధిలోకి నల్లవాళ్లు రావడం మొదలుపెట్టగానే మిగతా తెల్లవాళ్లు ఇళ్లు ఖాళీ చేసి పోతారే, అలాంటి తీరని పోల్చారు కూడా. గట్టి పోలికే. ఎందుకంటే ఎవరూ ఎవర్నీ వెళ్లగొట్టలేదు, వెళ్లినవాళ్లు వాళ్లంతట వాళ్లే వెళ్లారు. "అమ్మాయిలు మా పేరు లాక్కున్నారు" అనేవాళ్లు ఈ ముక్క దాటేసి మాట్లాడతారు.

రీస్‌లో ఇంకో చిత్రం జరిగింది. అబ్బాయిల తల్లిదండ్రుల్లో కొందరు పేరు వదలకుండా స్పెల్లింగ్ మార్చారు. ఆర్, ఈ, ఈ, ఎస్, ఈ అనే అమెరికన్ రూపం అమ్మాయిల వైపు ఒరిగితే, ఆర్, హెచ్, వై, ఎస్ అనే పాత వెల్ష్ రూపం 2000ల దశకంలోనే అమెరికా అబ్బాయిల టాప్ 1000లోకి ఎక్కింది. అంటే ఆ సినిమా దెబ్బకి అసలు వెల్ష్ స్పెల్లింగ్ అమెరికాలో కొత్తగా బతికిందన్నమాట. దీనికి ఆమెకి థాంక్స్ చెప్పిన వెల్ష్ పెద్దమనిషి మాత్రం నాకింకా తగల్లేదు.

వెల్ష్‌వాళ్ల అభ్యంతరం ఏంటంటే, వాళ్ల పేర్లలో ఆడా మగా తేడా ఊరికే పెట్టుకున్నది కాదు, భాషలోనే ఉంది. 'విన్'తో ముగిస్తే మగ, 'వెన్'తో ముగిస్తే ఆడ, అందుకే బయటి దేశాలవాళ్లు కూతురికి బ్రాన్‌వెన్ బదులు బ్రాన్‌విన్ అని రాస్తే వాళ్లకి చురుక్కుమంటుంది. సరే, న్యాయమే. కానీ రీస్‌కి ఆ తోకలేవీ లేవు. వేల్స్‌లో రీస్ ఇవాళ్టికీ మగపిల్లల పేరే, నటుడు రీస్ ఇవాన్స్ దగ్గర్నుంచి రగ్బీ ఆటగాళ్ల దాకా. అమెరికాలో జరిగినదానివల్ల అక్కడ పోయిందేమీ లేదు. పైగా ఆ వెల్ష్ స్పెల్లింగ్‌నే ప్రపంచానికి చూపించిన పాతవాళ్లలో ఒక ఆడమనిషి ఉంది, కరీబియన్ దీవి డొమినికాలో 1890లో వెల్ష్ డాక్టర్ గారి కూతురిగా పుట్టిన రచయిత్రి జీన్ రీస్. ఆమె అసలు పేరు ఎల్లా గ్వెండొలిన్ రీస్ విలియమ్స్. నాన్నవైపు పేరులోంచి ఒక ముక్క తీసుకుని, స్పెల్లింగ్ మార్చుకుని, కలం పేరు చేసుకుంది.

పేరు చూడగానే ఆడో మగో తెలియాల్సిందే అనే పట్టు చట్టంగా ఉన్న చోట మన పేరే ఒకటి కోర్టుకెక్కింది. జర్మనీలో భారతీయ మూలాలున్న ఒక కుటుంబం కూతురికి కిరణ్ అని పెడితే, ఏ లింగమో తెలియట్లేదు, తెలిసే రెండో పేరు కూడా పెట్టండని రిజిస్ట్రారు ఒప్పుకోలేదు. కేసు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. అలాంటి నిబంధన ఏ చట్టంలోనూ లేదని, పిల్ల ఎదుగుదలకి నష్టం లేనప్పుడు పేరు తల్లిదండ్రుల ఇష్టమని 2008 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. రత్నం, మాణిక్యం అని ఆడవాళ్లకీ మగవాళ్లకీ పెట్టుకున్న మనకి అసలు ఇందులో కేసేంటో అర్థం కాదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు మాత్రం ఇప్పుడు ఇదే జాబితా ముందేసుకుని, కిరణ్ పెడితే స్కూల్లో ఏమనుకుంటారో అని లెక్కలేసుకుంటున్నారు.

ఇక అబ్బాయిలకి ఈ పేరు చచ్చిపోయిందని ఎవరైనా అంటే వాళ్లకి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. 'లీగల్లీ బ్లాండ్' రెండో భాగం వచ్చిన 2003లోనే విథర్‌స్పూన్‌కి కొడుకు పుట్టాడు. వాడికి పెట్టిన పేరు డీకన్ రీస్ ఫిలిపీ. అదే స్పెల్లింగ్, అదే అమ్మమ్మ పుట్టింటి పేరు, ఈసారి మనవడికి.