ఆటోమేటిక్ బండిల గేర్ ఆయిల్ చూసుడు: పిల్లలకు ఉత్తరం

హన్మకొండ

పిల్లలూ,

లైసెన్సులు చేతికొచ్చినయి, ఇంట్ల ఆటోమేటిక్ బండి ఉన్నది. ఇంజన్ ఆయిల్ చూసుడు మీకు ఎరుకే. పొద్దుగాల బండి చల్లగున్నప్పుడు బానెట్ లేపి, డిప్‌స్టిక్ గుంజి చూస్తరు. గేర్‌బాక్స్ ఆయిల్, అంటే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్), గట్లనే చూస్తే మాత్రం లెక్క తప్పుతది.

ముందుగాల మీ బండి ఏ రకమో బండితోని ఇచ్చిన పుస్తకంల చూసుకోండి. క్లచ్ పెడల్ లేని బండ్లన్నీ ఒక్కతీరు కావు. క్లచ్చు, గేర్లు మనకు బదులు మిషినే మార్చే ఏఎంటీ బండిల ఉండేది మామూలు గేర్‌బాక్సే, దాంట్ల ఏటీఎఫ్ పోయరు. గేర్లకు బదులు పుల్లీలు, బెల్టుతోని నడిచే సీవీటీ ఆయిల్ వేరే. నేను చెప్పేది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ జోరును ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) ఉండి, గేర్‌బాక్స్‌కు సొంత డిప్‌స్టిక్ ఉన్న బండ్ల ముచ్చట. ఇప్పటి బండ్లల్ల చాలావాటికి ఆ డిప్‌స్టిక్కే ఉండది. వాటిని లిఫ్ట్ మీద సమంగ లేపి, స్కానర్‌ల ఆయిల్ వేడి చూసుకుంట, కంపెనీ చెప్పిన డిగ్రీల కాడ కింది ప్లగ్ విప్పి చూడాలె. అది ఇంటికాడ చేసే పని కాదు.

డిప్‌స్టిక్ ఉంటే, బండిని హసన్‌పర్తి దిక్కు తోలుకపోయి ఒక 20 కిలోమీటర్లు తిప్పుకరాండి. డ్యాష్‌బోర్డ్ మీద వేడి చూపే ముల్లు నడుమకు వచ్చిందంటే ఇంజన్ వేడెక్కినట్టు, గేర్‌బాక్స్ కాదు. అది ఇంకా మెల్లగ వేడెక్కుతది. ఏటీఎఫ్ వేడికి ఉబ్బుతది కాబట్టే డిప్‌స్టిక్ మీద ‘హాట్’ అని, ‘కోల్డ్’ అని వేరువేరు గీతలు పెడతరు. నమ్మవలసింది హాట్ గీతల్నే.

ఎత్తుపల్లం లేని జాగల ఆపి, హ్యాండ్‌బ్రేక్ గుంజి, ఇంజన్ నడుస్తనే ఉండనియ్యండి. బ్రేక్ మీద కాలు గట్టిగ పెట్టి, లివర్‌ను పి, ఆర్, ఎన్, డి అన్నిట్ల మూడు నాలుగు సెకండ్లు ఆపుకుంట తిప్పి, మళ్ల పి లకు తేవాలె. అప్పుడు డిప్‌స్టిక్ గుంజి, పోగులు ఊడని బట్టతోని తుడిచి, అడుగుదాక దించి, మళ్ల గుంజి చూడాలె. కాటన్ వేస్ట్ వాడొద్దు; దాని పోగు ఒక్కటి లోపలికి పోయినా వాల్వుల సన్నదారుల్ల ఇరుక్కుంటది. చున్నీ, వేలాడే అంగీ చేతులు ఫ్యాన్‌కు, బెల్టుకు దూరం పెట్టుకోండి.

ఇంజన్ ఎందుకు నడవాలె? నడిచినంతసేపు పంపు ఆయిల్‌ను కన్వర్టర్‌లకు, ఆయిల్‌ను చల్లార్చే కూలర్ పైపులల్లకు నింపుతనే ఉంటది. ఆపితే కొంత కింది పాన్‌లకు దిగుతది, తక్కువున్నది కూడ నిండుగ కనపడతది. కొన్ని హోండా బండ్లకు మాత్రం ఇంజన్ ఆపి, నిమిషం నిమిషమున్నర లోపల చూడమని రాసి ఉంటది. మీ బండి పుస్తకం ఏమంటే అదే ఖాయం.

తక్కువుంటే డబ్బ తెచ్చి గుమ్మరించకండి. కింది గీత నుంచి పై గీతకు శానా బండ్లల్ల అర లీటరు కూడ పట్టది. డిప్‌స్టిక్ గొట్టంలకు సన్నటి పొడుగు గరాటు పెట్టి, 100, 150 మిల్లీలీటర్ల చొప్పున పోసుకుంట చూడాలె. డెక్స్రాన్, ఎస్‌పీ-4, టొయోటా డబ్ల్యూఎస్ అని రకాలుంటయి — మీ బండికి రాసిందే పోయాలె. ఎరుపన్నదల్లా ఒకటే అనుకునే మెకానిక్ దొరికితే ఇంకో షెడ్డు చూసుకోండి.

తక్కువైతే పంపు గాలి గుంజుతది, ప్రెషర్ పడిపోతది. డి ల వేసినంక ఒక సెకండ్ ఆగి బండి ఝటుక్కున కదులుతది, లేకుంటే ఇంజన్ ఉరుముతది గాని బండి వేగమందుకోదు. ఎక్కువైనా చెరుపే. తిరిగే గేర్లు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తయి, ఆ నురగల గాలి బుడగలతోని మళ్ల అదే తిప్పలు. ఎక్కువ పడితే సిరంజికి సన్న పైపు తొడిగి అదే గొట్టంల నుంచి గుంజెయ్యొచ్చు.

ఇంకోటి. ఏటీఎఫ్ ఇంజన్ ఆయిల్ తీరుగ కాలి తరగది. తగ్గిందంటే ఎక్కడనో కారుతున్నట్టే. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పెట్టండి. తెల్లారి చూస్తే ఎర్రటి జిడ్డు మరక ఎక్కడుందో, పాన్ గాస్కెటా, కూలర్ పైపా, యాక్సిల్ సీలా తెలుస్తది. కూలెంట్ కూడ కొన్నిట్ల ఎర్రగనే ఉంటది గాని, వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు తగలది.

డిప్‌స్టిక్ మీది చుక్కను తెల్ల కాగితం మీద వేసి చూడండి. ఎర్రగ తేటగుంటే మంచిదే. వాడకంతోని కొంచెం ముదురుడు కూడ మామూలే. నల్లగయ్యి మాడు వాసనొస్తే లోపలి క్లచ్ ప్లేట్లు కాలుతున్నయి. మేడారం జాతర ట్రాఫిక్‌ల గంటలకొద్ది డి ల పాకించినంక ఈ చుక్క చూసుడు మరువద్దు. మెల్లగ పాకినప్పుడు కన్వర్టర్‌ల ఆయిల్ చిలుకుడుకే వేడెక్కుతది, రేడియేటర్‌కు ఎదురుగాలి ఉండది.

చుక్క గులాబి రంగు పాల లెక్కుంటే నీళ్లు కలిసినట్టు. రేడియేటర్‌ల కూలర్ పగిలినా, 2023 జూలైల మన దగ్గర కాలనీలు మునిగినట్టు బండి నీళ్లల్ల నిలబడి బ్రీదర్ (గేర్‌బాక్స్‌కు గాలి ఆడే సన్న గొట్టం) నుంచి లోపలికి పోయినా గిట్లనే అయితది. అప్పుడు స్టార్ట్ చెయ్యొద్దు. తాడు కట్టి ఇంకో బండితోని గుంజుడు కూడ వద్దు. ఇంజన్ ఆగి ఉంటే పంపు నడవది, చక్రాలతోని తిరిగే గేర్లకు ఆయిల్ అందది. లారీ మీదికి ఎక్కించి షెడ్డుకు పంపండి.

మీ పెద్దబాపు